ఎడమ మాగ్నెటో

విమానం కట్టడం మొదలుపెట్టిన నాడు లోవెల్ చేతిలో ఉన్నవి ఇవి: పాత ట్రాక్టర్లకు రంగులు వేయగా వేయగా నేలంతా ఎర్రగా, ఆకుపచ్చగా మరకలు పడిన ఒక రేకుల షెడ్డు, విస్కాన్సిన్ చలికాలంలో ఆ షెడ్డును వెచ్చబెట్టే కట్టెల పొయ్యి, బేరంలో వెనక్కి తగ్గని నోరు, ఆ నోటిని పెళ్ళయిన నాటినుంచీ భరిస్తున్న భార్య ఆర్డిస్, ఇంట్లో ఎవరితోనూ మాట్లాడకుండా గది తలుపు వేసుకునే వయసులో ఉన్న కూతురు మారెన్, ఇంట్లోనే బిగించి కట్టుకునే విమానం తోకభాగం ముక్కలతో లారీలో దిగిన ఒక చెక్కపెట్టె. ఇక ధైర్యం. ధైర్యాన్ని సరుకులో ఎన్నడూ లెక్క వేయలేదు. అది కొట్లో ఎప్పుడూ ఉండేదే కదా అనుకున్నాడు. ఇప్పుడు, ఈ ఆగస్టు ఉదయం, ముసలి వెర్లిన్‌కు చెందిన గడ్డి రన్‌వే అంచున మడతకుర్చీలో కూర్చుని, తల పైకెత్తి, అర తెరిచి చూసుకుంటే అర ఖాళీగా ఉంది. పైన విమానం గుండ్రంగా తిరుగుతోంది. అందులో ఉన్నది ఆర్డిస్. ఉండవలసింది తను.

ఇంజను చప్పుడు సోయా చేలవైపు పోయేకొద్దీ సన్నబడుతోంది. సన్నబడినప్పుడల్లా లోవెల్ కుర్చీ అంచుకు జరుగుతాడు, మళ్ళీ మొక్కజొన్న వైపు తిరిగి చప్పుడు లావెక్కితే వెనక్కి ఆనుకుంటాడు. కొత్త విమానం తొలిసారి లేచినప్పుడు నేలను వదిలిపెట్టి దూరం పోకూడదు, ఇంజను ఆగిపోయినా జారుకుంటూ వచ్చి దిగగలిగే ఎత్తులో గంటసేపు రన్‌వే నెత్తిమీదే తిరుగుతుండాలి. ఇది చూడ్డానికి వచ్చి గడ్డిలో కుర్చీలు వేసుకున్న ఇరుగుపొరుగు విమానాలవాళ్ళందరికీ తెలుసు, అందుకే మాట్లాడేటప్పుడు కూడా ఎవరూ తల దించడం లేదు, కాఫీ కప్పులు నోటికి తగలబోయి గడ్డానికి తగులుతున్నాయి. అరమైలు అవతల వస్తున్న ట్రాక్టరు చప్పుడు విని దాని ఏ సిలిండరు దొంగపని చేస్తోందో చెప్పే చెవి లోవెల్‌ది. ఆ చెవి ఇప్పుడు దొంగపని కోసం వెతుకుతోంది, దొరకడం లేదు, చప్పుడు నున్నగా కుట్టుమిషను నడిచినట్టుంది. ఎక్కడైనా చిన్న తడబాటు దొరికితే బాగుండునని లోపల ఒక వేలు గోకుతోంది. ఛీ, ఏం కోరిక ఇది, పైన ఆమె ఉండగా. కానీ తడబాటు దొరికితే తను చెప్పింది నిజమవుతుంది. చిన్నది చాలు. ఆమె దిగాక దొరికినా చాలు. దిగాకే దొరకాలి, అవును, దిగాకే అనే కదా తను అనుకున్నది, మొదటినుంచీ.

కుర్చీ చేయి ఎండకు కాలుతోంది. అల్యూమినియమే, విమానానిదీ ఇదే లోహం, చేత్తో వంచితే వంగే రేకు, రెండు రేకులు కలిపి రివెట్ కొడితే మాత్రం మాట వినదు. రేకుల మీద గీతలు పడకుండా నీలం పొర అంటించి పంపుతారు. మారెన్ మొదట షెడ్డులోకి వచ్చింది పని కోసం కాదు, పొయ్యి వెచ్చదనం కోసం. వచ్చి, పొయ్యి పక్కన తిరగేసిన డబ్బా మీద కూర్చుని, పలకరించినా పలక్కుండా, గోటితో ఆ నీలం పొర ఒలుస్తూ ఉండేది, పొర చర్రున చిరిగే చప్పుడు, అది తప్ప మాట లేదు. ఒక చలికాలం అంతా ఒలిచింది. తర్వాత ఒకనాడు "నాన్నా, ఆ డ్రిల్లు నువ్వు పట్టుకుంటే వంకర పోతోంది, ఇటివ్వు" అంది. అదే మొదటి మాట. లోవెల్ ఇచ్చాడు. పాత మొక్కజొన్న కోత యంత్రాలు అమ్మి సంపాదించిన దానికంటే ఆ ఒక్క వాక్యం ఎక్కువ అని అప్పుడు అనుకున్నాడు, అనుకున్నవాడే ఇప్పుడు ఆ కూతురి మొహం వైపు చూడలేక ఆకాశం వైపు చూస్తున్నాడు. మారెన్ అక్కడే ఉంది, కుర్చీలకు ముందు, చేతి రేడియో చెవికి ఆనించుకుని, ఇరవై దాటిన మనిషి, స్కూలు బస్సుల ఇంజన్లు బాగుచేసే మనిషి, వీపు తిప్పి నిలబడి. ఆ వీపుకు తెలుసా? వీపులకు అన్నీ తెలుస్తాయి.

రన్‌వే చివరికి పోయి ఇంజనును గట్టిగా ఆడించి చూడాలి, ఎగిరే ముందు. ఇంజనులో నిప్పురవ్వ పుట్టించే మాగ్నెటోలు రెండు ఉంటాయి, ఒకటి చచ్చినా రెండోది నిప్పు రగిలించడానికి. ఒక్కోదాన్ని ఆపి చూస్తే ఇంజను వేగం చూపే ముల్లు కాస్త పడాలి, మరీ పడకూడదు. పొద్దున తను కుడిది ఆపాడు, ముల్లు కాస్త పడింది. ఎడమది ఆపాడు, అంతే పడింది. పుస్తకంలో రాసినట్టే. నూనె వేడి బాగుంది, గాలి ఎదురుగా మెల్లగా ఉంది, గాలి దిశ చూపే గుడ్డసంచి బద్ధకంగా ఊగుతోంది, ముందు గడ్డి చదునుగా కోసి ఉంది, వెర్లిన్ నిన్న సాయంత్రం తనకోసమే కోశాడు. బ్రేకు మీదినుంచి కాళ్ళు తీస్తే చాలు. అప్పుడు వచ్చాయి ఆ మాటలు. ఎడమ రెక్కలోంచి వచ్చాయి.

రెక్క మూసేముందు లోపల ఇంటిల్లిపాదీ ఏదో ఒకటి రాయడం ఇక్కడ విమానాలు కట్టుకునే వాళ్ళందరికీ అలవాటు. మూశాక ఇక ఎవరూ చదవరు, అందుకే మనసులోది రాస్తారు. మారెన్ ఒక కప్ప బొమ్మ వేసింది, ఎందుకని ఎవరూ అడగలేదు. ఆర్డిస్ వాళ్ళ నాన్న పేరు రాసింది, ఆయన చేలమీద మందు చల్లే విమానం నడిపేవాడు, ఆ పేరు కింద చిన్నగా "చూస్తూ ఉండు" అని. తర్వాత పెన్ను లోవెల్ చేతికి వచ్చింది. లోవెల్ కొట్టు ముందు, అమ్మకానికి పెట్టిన ప్రతి ట్రాక్టరు మెడలోనూ ఒక అట్ట వేలాడుతుంది, ముప్పై ఏళ్ళుగా అదే అట్ట, అదే రాత. దాన్నే రాశాడు, పెద్ద అక్షరాలతో, నవ్వించడానికి: ఉన్నది ఉన్నట్టే. పూచీ లేదు. ముగ్గురూ నవ్వారు. ఆర్డిస్ అయితే కళ్ళు తుడుచుకునేదాకా నవ్వింది. నవ్వుతూనే రేకు వేసి, నవ్వుతూనే రివెట్లు కొట్టి మూసేశారు. ఇవాళ, రన్‌వే చివర, బ్రేకు మీద కాళ్ళు, ఆ అక్షరాలు తన ఎడమ మోచేతి పక్కనే చీకట్లో ఉన్నాయని తెలిసింది. తెలియకపోవడం ఎప్పుడు? తన చేత్తోనే రాశాడు కదా. అయినా అప్పుడే తెలిసింది. ముప్పై ఏళ్ళుగా ఆ మాట చదివి కొనుక్కుపోయిన వాళ్ళందరి పక్షాన ఒక్క క్షణం నిలబడి చూశాడు, పూచీ లేని యంత్రం మీదికి ఎక్కి కూర్చున్న మనిషి వైపు నుంచి. కాళ్ళు రాలేదు. గట్టిగా చెప్పాడు కాళ్ళకు. రాలేదు. చేయి మాత్రం రేడియో మీదికి పోయింది, నోరు తెరుచుకుంది, నోటికి ఎప్పుడూ సరుకు కొరత లేదు. "ఎడమ మాగ్నెటో పడిపోతోంది. వెనక్కి వస్తున్నా."

ఈ మాట ఎంత బాగా తెలుసు తనకు. బేరం వదులుకునే మనిషి ఎన్నడూ నాకు భయంగా ఉందని చెప్పడు. క్లచ్చి కాస్త బిగుసుగా ఉంది అంటాడు. టైర్లు మారిస్తే తీసుకునేవాణ్ణే అంటాడు. మా ఆవిడ కూడా ఒకసారి చూడాలి అంటాడు, ఆవిడ ట్రాక్టరు మొహం ఎప్పుడూ చూడకపోయినా. వచ్చినప్పుడు యంత్రం చుట్టూ నోరు మూసుకుని తిరుగుతాడు, పోయేటప్పుడు బోలెడు మాట్లాడతాడు. ఎంత ఎక్కువ మాట్లాడితే అంత భయపడ్డాడని లెక్క. రాత్రి భోజనాల దగ్గర లోవెల్ వాళ్ళను అనుకరించేవాడు, టోపీ వెనక్కి నెట్టి, గడ్డం గోక్కుంటూ, "అబ్బే, యంత్రం బంగారమండీ, కాకపోతే ఆ క్లచ్చి..." మారెన్ చిన్నప్పుడు పాలు ముక్కులోంచి వచ్చేలా నవ్వేది. ఆర్డిస్ నవ్వేది కాదు. "పాపం, ఏ అవసరంలో వచ్చాడో, ఎందుకు భయపడ్డాడో. నీకేం తెలుసు" అనేది. "అవసరమైతే కొనాలి, భయమైతే చెప్పాలి" అనేవాడు తను. అన్నాడు. బంగాళాదుంపల గిన్నె అందుకుంటూ, ఎంతో నిబ్బరంగా అన్నాడు.

వెనక్కి వచ్చి ఇంజను ఆపేసరికి కుర్చీలన్నీ ఖాళీ. అందరూ లేచి పనిముట్లు పట్టుకుని వచ్చేశారు. అది అన్నిటికంటే చెడ్డది. వెక్కిరిస్తే తట్టుకునేవాడు. ఎవరో పాల రైతు, మొన్ననే మోకాలికి ఆపరేషను అయినవాడు, ఆ మోకాలితోనే కిందికి వంగి ఇంజను మూత మరలు విప్పుతున్నాడు. ఒకామె తన తెల్ల చొక్కా చేతులు మడిచి దీపం పట్టింది. లేని జబ్బుకు ఇంతమంది వైద్యం. వెర్లిన్, ఎనభై దాటిన వెర్లిన్, సొంత విమానాన్ని ఎప్పుడో అమ్మేసుకుని గడ్డి రన్‌వేను మాత్రం అమ్ముకోని వెర్లిన్, ప్లగ్గులు తీసిన పళ్ళెం మీద వంగి చూశాడు.

"ఏ పక్కన పడిందన్నావ్?"

"ఎడమ."

"బాగా పడిందా?"

"బాగానే."

"బాగానే అంటే?"

"చాలా, వెర్లిన్. చెప్తున్నా కదా మీకు."

ముసలాయన పళ్ళెంలో ప్లగ్గులు దొర్లించాడు. కాసేపటికి అటు తిరిగి ఇటు తిరిగి ఒక ప్లగ్గు పైకెత్తి చూపించాడు, దాని మొన దగ్గర సీసపు పూస ఒకటి ఇరుక్కుని ఉంది, పెట్రోలులోని సీసం గడ్డకట్టి అలా పూసలు కడుతుంది. "ఇదిగో దొంగ. లోవెల్ చెవి మామూలు చెవి కాదర్రా" అన్నాడు. అందరూ ఆహా అన్నారు. ఎవరో భుజం తట్టారు. ఆ తట్టిన చోటు ఇప్పటికీ మండుతోంది. ప్లగ్గులు బిగించారు, మూత వేశారు, రెండు మాగ్నెటోలూ చూశారు, ముత్యాల్లా ఉన్నాయన్నారు, అందరూ పక్కకు జరిగి దారి ఇచ్చి తనవైపు చూశారు. లోవెల్ నోరు మళ్ళీ తెరుచుకుంది. "ఇంజను వేడెక్కింది. కాస్త ఆరనిద్దాం." పాల రైతు తన మోకాలు రుద్దుకున్నాడు. అప్పుడు ఆర్డిస్ వచ్చింది, కాఫీ బల్ల దగ్గర ఉన్నది, నడుముకు చుట్టుకున్న తువ్వాలు విప్పుతూ వచ్చింది, వచ్చి లోవెల్ మెడలోని హెడ్‌ఫోను తీసుకుంది, అతని మెడలోంచి ఏదైనా తీయడం ఇంట్లో రోజూ చేసే పనే అన్నట్టు.

"ఇటివ్వు. నాకు పొద్దున్నుంచీ పని లేక చేతులు దురద పెడుతున్నాయి."

"ఆర్డిస్, నువ్వా?"

"ఏం, నాకు రాదా? టెక్సస్‌లో ఆ మాస్టారు ఎవరిని మెచ్చుకున్నాడో గుర్తులేదా నీకు?"

గుర్తుంది. ఇలాంటి విమానంలోనే ఇద్దరూ అక్కడికి పోయి శిక్షణ తీసుకున్నారు, ఆ మాస్టారు తనతో "మీరు స్టిక్కును గొంతు పిసికినట్టు పట్టుకుంటున్నారు" అన్నాడు, ఆమెతో ఏమీ అనకుండా కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాడు. అదే మెప్పు. పదిహేడేళ్ళకే లైసెన్సు ఉన్న పిల్ల ఆమె, తండ్రి పక్కన కూర్చుని చేల మీద తిరిగిన పిల్ల. పెళ్ళయ్యాక మానేసింది. మానెయ్యమని ఎవరూ అనలేదు. ఎందుకు మానేశావని కూడా ఎవరూ అనలేదు, స్కూలు వంటగదిలో పెద్ద పెద్ద గిన్నెల ముందు ఆమె ఏళ్ళు గడిచిపోయాయి, ఈ పెట్టె వచ్చాక మళ్ళీ లైసెన్సు సరిచేయించుకుంటే "నాకు తోడుగా కూర్చోవచ్చులే" అన్నాడు తను. తోడుగా. ఆమె రెక్క మీద కాలు పెట్టి ఎక్కింది, పట్టీలు బిగించుకుంది, ఇంజను స్టార్ట్ చేసింది, గడ్డి మీద దొర్లుకుంటూ పోయింది. అప్పుడు లోవెల్ గుండెలో ఒక మాట పుట్టింది. ఆ మాట ఏదో ఇంకెవరికీ తెలియదు. తనకు తెలుసు, అది చాలు, జీవితమంతా చాలు. భార్య ఎన్నడూ ఎగరని యంత్రంలో పోతుంటే, తనకు కాళ్ళు రాని చోటికి పోతుంటే, లోవెల్ గుండె అన్నమాట: హమ్మయ్య.

చప్పుడు మళ్ళీ సోయా వైపు పోయింది. మారెన్ చేతి రేడియో గరగరలాడింది, ఆర్డిస్ గొంతు వచ్చింది, వంటగదిలోంచి పిలిచినట్టే ఉంది.

"నూనె బాగుంది. వేడి బాగుంది. కొంచెం కుడికి లాగుతోంది, అంతే. మీ నాన్న ఉన్నాడా అక్కడ?"

"ఉన్నాడమ్మా."

"ఏం చేస్తున్నాడు?"

మారెన్ వెనక్కి తిరిగి చూసింది. మొదటిసారి చూసింది. "కూర్చున్నాడు" అంది రేడియోలో.

కూర్చున్నాడు. విమానం కట్టే రోజుల్లో తోకగొట్టంలో కూర్చునేది ఆర్డిస్. విమానం వెనకభాగం గొట్టంలా ఉంటుంది, చివరికి సన్నబడిపోతుంది, అందులో దూరగలిగింది ఆమె ఒక్కతే. లోపల మోకాళ్ళు గడ్డానికి ఆనించుకుని, ఇనుప దిమ్మ రివెట్ కాలికి ఆనించి పట్టుకునేది, బయట తను రివెట్ గన్‌తో కొట్టేవాడు. మధ్యలో రేకు. ఒకరికొకరు కనబడరు, గన్ మోతకు చెవులకు అడ్డాలు, మాట వినబడదు. అందుకని తట్లు. లోపలినుంచి ఒక తట్టు అంటే బాగుంది. రెండంటే ఇంకోసారి కొట్టు. మూడంటే పాడైంది, తొలిచి తీసెయ్. లోవెల్‌కు తొలిచి తీయడమంటే ప్రాణం పోయేది, మంచి రివెట్ దండుగ, పని దండుగ, "మరీ అంత చెడ్డగా ఉందా? ఉండనిస్తే ఏం?" అని రేకుతో బేరమాడేవాడు. రేకు వెనకనుంచి మళ్ళీ మూడు తట్లు. విసుగు లేదు, కోపం లేదు, అవే మూడు. తను బేరం కుదుర్చుకోలేని మనిషి ఈ జిల్లాలో ఆమె ఒక్కతే. కనబడని చోట ఆమె కళ్ళు, చూడలేని చోట తన చేయి, ఆ గొట్టం ఈ కొస నుంచి ఆ కొస దాకా అలా కుట్టుకుంటూ పోయారు ఇద్దరూ, అన్ని వేల రివెట్లలో ఇటునుంచి గానీ అటునుంచి గానీ ఒక్క అబద్ధం పోలేదు. మూత వేశాక, రంగు వేశాక, అంతా అయిపోయాక, పట్టపగలు నోటితో ఒకటి చెప్పాడు తను.

ఒక్కటేనా? సీసపు పూస. లోవెల్ కళ్ళు మూసుకున్నాడు, ఎండ రెప్పల వెనక ఎర్రగా ఉంది, ఆ ఎరుపులో ప్లగ్గు కనబడింది, వెర్లిన్ వేళ్ళ మధ్య. ఆ ప్లగ్గులు తను కొన్నవి. కొత్తవి. ఎవరి దగ్గర కొన్నాడో, ఎంత తగ్గించాడో, తగ్గించినందుకు వాడు మొహం ఎలా పెట్టాడో కూడా చెప్పగలడు. మరల మీద ఇంకా పసుపు పూత పోలేదు. మొన నడిమి కడ్డీ గుండ్రంగా, అచ్చులోంచి తీసినట్టు ఉంది. వెర్లిన్ చూపించిన దాని మరలు నల్లగా ఉన్నాయి. నడిమి కడ్డీ అరిగి కోడిగుడ్డులా అయింది, అలా అరగాలంటే చాలా ఏళ్ళు ఎగరాలి. ఇంకా గాలిలోకి లేవని ఇంజనులోది కాదు అది. పాత సరుకును కొత్తదాని పక్కన పెడితే గుర్తుపట్టడం తన బతుకు. అప్పుడు చూశాడు, చూసి కూడా చూడలేదు, ఎందుకంటే తనకు లాభం కలిగించే సరుకును ఎవరు తిరగేసి చూస్తారు?

వెర్లిన్ పక్క కుర్చీలోనే ఉన్నాడు, చీజు ముక్కలు నములుతున్నాడు, తాజా చీజు పళ్ళ కింద కిచకిచమంటోంది.

"వెర్లిన్, ఆ ప్లగ్గు మాది కాదు."

"కాదా?" ముసలాయన ఆకాశంలోంచి కళ్ళు తీయలేదు.

"నేను కొన్నవి నాకు తెలియవా?"

"తెలిస్తే నన్నెందుకు అడుగుతున్నావ్?"

"ఎక్కడిదది?"

"నాదే. నా పాత విమానంలోది. నా డబ్బాలోంచి తీసుకొచ్చింది, నన్ను అడగలేదు కూడా. చేతిలో పెట్టి, 'దొరికిందని చెప్పు వెర్లిన్' అంది." కాసేపు నమిలాడు. "మీవి మీకు బిగించి, దాన్ని తిరిగి నా జేబులో వేసుకున్నా. మంచి ప్లగ్గు అది."

ఎవరు తెచ్చిందో లోవెల్ అడగలేదు. అడగక్కర్లేదు. అందరూ పళ్ళెం మీద వంగి ఆ పూసను చూశారు, ఒక్క మనిషి చూడలేదు. రివెట్ తల వెంట్రుకవాసి వాలినా మూడు తట్టే మనిషి, తను ఎగరబోయే ఇంజనులో దొరికిన తప్పును ఒక్కసారి చూపించమని అడగలేదు. సరుకు చూడకుండా కొనేవాడికి ఆ సరుకు సంగతి ముందే తెలిసి ఉంటుంది. అయితే ఆమెకు తెలుసు, రేడియోలో ఎడమ మాగ్నెటో అన్న నాడే, కాదు, ఈ ఉదయమే, ఇప్పుడే, రెండు గంటలు కూడా కాలేదు, ఆ మాట విన్న క్షణానే తెలుసు. తువ్వాలు నడుముకు చుట్టుకుని వెర్లిన్ కొట్టంలోకి నడిచిపోయిన ఆమె వీపును ఊహించుకున్నాడు, డబ్బాలో వేళ్ళు పెట్టి వెతకడం, అరిగినదాన్ని, నమ్మదగ్గ పాతదాన్ని ఎంచుకోవడం. ఊళ్ళో తన పరువు కోసం ఆర్డిస్ ఒక దొంగ సరుకు అమ్మింది. బతుకంతా తను చేసినదీ అదే, రంగు వేసి, మెరుగుపెట్టి. ఆమె ఎన్నడూ చేయలేదు. ఇవాళ చేసింది, అదీ ఇంత బాగా, అతని దగ్గర నేర్చుకున్నట్టు.

చప్పుడు తగ్గింది.

సోయా వైపు పోలేదు, దగ్గరే ఉంది, నెత్తిమీదే ఉంది, అయినా తగ్గింది, ఇంకా తగ్గింది, గొంతు పట్టుకున్నట్టు, ఇంజను గాలిలో నిలబడి ఆలోచిస్తున్నట్టు. విమానం ముక్కు పైకి లేచింది. లోవెల్ లేచాడు, కుర్చీ వెనక్కి పడింది, కాఫీ ప్యాంటు మీద పడింది, వేడి తెలియలేదు. తనే పంపాడంటారు. మాగ్నెటో పాడైందని తెలిసీ పెళ్ళాన్ని ఎక్కించాడంటారు. శవపేటిక పక్కన నిలబడితే వచ్చి చేయి కలుపుతారు, కలిపి పక్కకు పోయి చెప్పుకుంటారు. ఈ ఆలోచన పూర్తిగా, అక్షరం పొల్లుపోకుండా, మొదటే వచ్చింది. దాని తర్వాత, దాని వెనక వరసలో, ఆర్డిస్, ఆర్డిస్, అని వచ్చింది. వరస తనకు తెలుసు. ఏది ముందు వచ్చిందో తను చూశాడు.

"నాన్నా, కూర్చో." మారెన్. "తగ్గించి చూస్తోంది. ఎంత మెల్లగా పోతే రెక్క జారుతుందో చూడాలి కదా. నువ్వే పెట్టావ్ ఆ పరీక్ష."

తనే పెట్టాడు. షెడ్డులో, పొయ్యి పక్కన, వేలు ఊపుతూ, మొదటిరోజే చూడాల్సిందేనని. ముక్కు ఒక్కసారి కిందికి వాలింది, ఇంజను మళ్ళీ గొంతెత్తింది, విమానం ఏమీ జరగనట్టు వలయంలో పడి తిరిగింది. ఎవరో కుర్చీ నిలబెట్టి ఇచ్చారు. కూర్చోలేదు. కాఫీ చుక్కలు చెప్పులోకి దిగుతున్నాయి. ఎండ పెరిగింది. మొక్కజొన్న ఆకులు చప్పుడు చేస్తున్నాయి, కంకులకు పాలు పట్టి బరువెక్కి ఉన్నాయి, ఈ వాసన వచ్చే రోజుల్లోనే కొట్టుకు బేరాలు వచ్చేది, కోతకు ముందు అందరికీ తొందర, తొందరలో ఉన్నవాడికే క్లచ్చి బిగుసుగా అనిపించదు. ఆమె దిగుతోంది. రన్‌వే అవతలి కొసన, చెట్ల వరస మీదుగా, చాలా చిన్నగా, ముందు మెరుపు, తర్వాత రెక్కలు, తర్వాత తను గరుకు కాగితంతో రుద్దిన ఆ ముక్కు. గాలి పట్టి ఒక రెక్క కాస్త ఊగింది, సర్దుకుంది. చక్రాలు గడ్డిని తాకి, ఒకసారి ఎగిరి, మళ్ళీ తాకి, ఉండిపోయాయి. మారెన్ వీపు వదులైంది. అందరూ చప్పట్లు కొట్టారు. లోవెల్ చేతులు రెండూ దగ్గరికి వచ్చాయి గానీ చప్పుడు రాలేదు.

ఇంజను ఆగింది, ప్రొపెల్లరు రెండు చుట్లు తిరిగి నిలబడింది. ఆర్డిస్ దిగింది, నెరిసిన జుట్టు చెమటకు నుదుటికి అంటుకుపోయి ఉంది, హెడ్‌ఫోను మెడ చుట్టూ పడి ఉంది. జనం చుట్టుముట్టారు. పాల రైతు ముందు లోవెల్ చేయి పట్టుకుని ఊపాడు, ఆమె చేయి తర్వాత. "భలే యంత్రం కట్టావయ్యా. ఇంకా సగం పెట్రోలు ఉంటుంది, ఇంజను దారిలో పడింది, ఇక నువ్వెక్కు." అవునవును అన్నారు వెనకనుంచి. మళ్ళీ దారి ఇచ్చారు, మళ్ళీ అందరి కళ్ళూ. ఆర్డిస్ ఒక్క అడుగు ముందుకు వేసింది, అతనికీ వాళ్ళకూ మధ్యలోకి. "ఇవాళ్టికి చాల్లెండి, నూనె మార్చి చూడాలి, కుడికి లాగుతోంది, అది సరిచేశాక..." ఎంత సిద్ధంగా ఉంది సాకు ఆమె నోట్లో, పైన తిరుగుతూనే తయారు చేసుకుని ఉంటుంది, నూనె వేడి చూసుకుంటూ, గాలి చూసుకుంటూ, మొగుడికి ఏ సాకు సరిపోతుందో చూసుకుంటూ.

"నూనె బాగానే ఉంది" అన్నాడు లోవెల్.

ఆమె అతనివైపు చూసింది. వద్దన్నట్టు చూసింది.

"మాగ్నెటో కూడా బాగానే ఉంది. పొద్దున కూడా బాగానే ఉంది. నాకు భయం వేసింది. అంతే. ఇప్పుడూ వేస్తోంది, అందుకని ఎక్కను."

ఎవరూ నవ్వలేదు. పాల రైతు తన మోకాలి వైపు చూసుకుని, దేన్నో మన్నిస్తున్నట్టు తల ఊపాడు. ఆ తల ఊపు చూడకుండా ఉంటే బాగుండేది. ఎవరో బల్ల మీద కాఫీ ఇంకా వేడిగా ఉందన్నారు, జనం అటు పోయారు, ఒక్కొక్కరే, చప్పుడు కాకుండా. మారెన్ తడిగుడ్డ ఒకటి తెచ్చి తండ్రి చేతిలో పెట్టింది. "రెక్కల మీద పురుగులు అతుక్కున్నాయి. ఎండితే రావు. తుడువు నాన్నా, అది భూమ్మీద పనే." వెక్కిరింపే. బతికించే వెక్కిరింపు. లోవెల్ గుడ్డ పట్టుకుని రెక్క అంచు వెంట తుడుస్తూ పోయాడు, చిన్న చిన్న పచ్చని మరకలు, ఆర్డిస్ పక్కనే వచ్చి రెక్కకు ఆనుకుంది, నిలబడలేక ఆనుకుందని కాసేపటికి గానీ గమనించలేదు.

"కాళ్ళు ఇంకా వణుకుతున్నాయి" అంది మెల్లగా. "లేచినప్పటినుంచీ. పెడల్ మీద కాలు టకటకమని కొట్టుకుంటూనే ఉంది."

"నీకా?"

"మరెవరికి? నలభై ఏళ్ళయింది ఒంటరిగా కొత్తదానిలో కూర్చుని. నువ్వు పొద్దున్నే భయమని చెప్పుంటే నేనూ చెప్పేదాన్ని. ఇద్దరం కాఫీ తాగి ఇంటికి పోయేవాళ్ళం, రేపు వచ్చేవాళ్ళం." ఆమె అతని చేతిలోంచి గుడ్డ తీసుకుని మొహం తుడుచుకుంది, పురుగుల మరకలు చూసుకోకుండానే. "నువ్వు మాగ్నెటో అన్నావ్. ఇక ఎవరో ఒకరు ధైర్యంగా ఉండాలి కదా."

లోవెల్ నోట్లో మొదటిసారి సరుకు లేదు. లెక్క తేలింది. విమానం ఎగురుతుంది, అది వచ్చింది. మాట్లాడని పిల్ల వెక్కిరించే కూతురైంది, అదీ వచ్చింది. భయపడ్డానన్న ఒక్క నిజం నోటివెంట వచ్చింది, ఆలస్యంగానైనా. వాటన్నిటికీ చెల్లిన వెల ఆ గంటసేపు పైన ఒంటరిగా వణికిన ఒక కాలు, అది తనది కాదు.